బాణాసంచా కాదండీ, అది జనం ఇళ్ల మీదుగా పారింది

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో అగ్నిపర్వతాల ఫొటోలు రెండు పేజీల నిండా వేశారు. బాగున్నాయి, కాదనను. కానీ లా పాల్మా దీవి ఫొటో కింద ‘ప్రకృతి కాల్చిన బాణాసంచా’ అని రాశారే, అది చదివాక పేజీ తిప్పబుద్ధి కాలేదు. స్పెయిన్ దేశానికి చెందిన ఆ దీవిలో 80 వేల పైచిలుకు జనం ఉంటారు. ఫొటోలో కొండ దిగుతున్న ఆ ఎర్రటి లావా వాళ్ల ఇళ్ల మీదుగానే పోయింది.

కొండ పగిలింది 2021 సెప్టెంబరు 19న, మధ్యాహ్నం మూడు దాటాక. అప్పటికే వారం రోజులుగా చిన్న చిన్న భూకంపాలు వేల కొద్దీ వస్తున్నాయి, అంటే అధికారులకు తెలియక కాదు. అక్కడ ప్రమాద హెచ్చరికకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులున్నాయి. లావా బయటికొచ్చే వేళకి ఇంకా పసుపులోనే ఉన్నారు, నారింజ ఊసే లేదు, పగిలాక ఒకేసారి ఎరుపుకి దూకారు. నడవలేని వాళ్లను ఆ పొద్దున్నే తరలించడం మొదలుపెట్టారు కాబట్టి కొంత నయం, మిగతావాళ్లు మాత్రం పొగ కళ్లబడ్డాక గబగబా సంచులు సర్దుకోవాల్సి వచ్చింది.

వాళ్లు చేసిన మంచి కూడా చెప్పాలి. సుమారు 7 వేల మందిని ఖాళీ చేయించారు, లావాలో చిక్కుకుని ఒక్కరూ పోలేదు. (తర్వాత నవంబరులో ఇంటి కప్పు మీది బూడిద ఊడవడానికి వెళ్లిన ఒక పెద్దాయన చనిపోయారు.) ప్రధాని పెద్రో సాంచెజ్ న్యూయార్క్ ప్రయాణం వాయిదా వేసుకుని దీవికి వచ్చారు. అదే సమయంలో పర్యాటక మంత్రి రేయెస్ మారోతో అనే ఆవిడ మాత్రం, దీన్ని చూడ్డానికి టూరిస్టులు రావచ్చు అన్నట్టు మాట్లాడారు! జనం తిట్టిపోశాక సర్దుకున్నారనుకోండి. మీ బాణాసంచా మాట చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చారు.

లావా 85 రోజులు పారింది. తొడోకే అనే ఊళ్లో చర్చి గోపురం కూలిపోవడం టీవీల్లో అందరూ చూశారు, ఆ తర్వాత ఊరే కనబడకుండా పోయింది. ఉపగ్రహ లెక్కల ప్రకారం దాదాపు 3 వేల కట్టడాలు పోయాయి. అరటి తోటలే అక్కడ బతుకుతెరువు, కొన్ని లావా కింద పడ్డాయి, మిగిలిన వాటిలో గెలల మీద బూడిద గీసుకుపోయి కాయ అమ్ముడవని స్థితి. నల్లగా గడ్డకట్టిన లావా మధ్య చిక్కుకున్న కుక్కలకి డ్రోన్లతో తిండి పంపారని అప్పట్లో అన్ని పేపర్లూ ముచ్చటగా వేశాయి, నేనూ ఇష్టంగానే చదివాను. తోటలు పోయిన మనుషుల గురించి మాత్రం అంత ముచ్చటగా చదివిన గుర్తు లేదు.

అసలు కథ డిసెంబరులో లావా ఆగాకే మొదలైంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి ప్రభుత్వ బీమా సంస్థ డబ్బు కట్టింది, ఇన్సూరెన్స్ లేనివాళ్లు, తాతల నాటి ఇంటికి సరైన కాగితాలు లేనివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కొందరికి సొంతిల్లు బదులు చెక్క ఇళ్లు, కంటైనర్ ఇళ్లు ఇచ్చారు, వాటికి కూడా నెలల తరబడి ఎదురుచూపులే. ప్యూర్తో నావోస్ అనే తీరపు ఊరైతే మరీ విడ్డూరం, లావా దాన్ని ముట్టుకోనే లేదు, ఇళ్లు నిలబడే ఉన్నాయి, కానీ భూమిలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తోందని చాలామందిని రెండేళ్లకు పైగా లోపలికి రానివ్వలేదు. ఇల్లు కళ్లెదుట ఉండగా అద్దెకొంపలో బతకడం ఎలా ఉంటుందో ఆలోచించండి. మంత్రులు అప్పటికి అటు రావడం తగ్గించేశారు, కెమెరాలూ అంతే.

ఫొటోలు వేయొద్దనడం లేదు. ఈసారి లావా ఫొటో పక్కన ఒక కంటైనర్ ఇంటి ఫొటో కూడా వేయండి, లోపల ఎవరున్నారో, ఎన్నాళ్లుగా ఉన్నారో రెండు ముక్కలు రాయండి. మొన్నటి ఆ బాణాసంచా వాక్యానికి సవరణ వేస్తే మరీ సంతోషం.

ఇట్లు,
మీ పాఠకురాలు, తెనాలి