మా నాయన గొంతు కోసం నిలబడ్డ అందరికీ

మొన్న తీసిన స్కాన్‌లో నాయన గొంతులో క్యాన్సర్ గడ్డ కనిపించడం లేదన్నారు. "ఇప్పుడెట్లుంది?" అని చాలామంది అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా ఫోన్ చేయలేక ఇక్కడ రాస్తున్నా.

ముందుగా నల్లగొండలో నాయనను చూసిన ఈఎన్‌టీ డాక్టరమ్మకు దండం. నాయన బత్తాయి వేలంలో పాట పాడే మనిషి, గొంతు బొంగురుపోవడం ఆయనకు కొత్తేం కాదు. సీజన్ అయిపోయినా తగ్గలేదని వెళ్తే ఆమె సిరప్ రాసి పంపేయలేదు. మూడు వారాలు దాటిన బొంగురును కెమెరాతో చూడాల్సిందేనని అప్పటికప్పుడు చూశారు. ఒకవైపు స్వరతంత్రి (గొంతులో అదిరి మాట పలికించే మడత) కదలడం లేదని పట్టుకున్నది ఆమే. బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష), సీటీ స్కాన్ అయ్యాక స్వరపేటిక, అంటే గొంతులో మాట పుట్టే చోట, క్యాన్సర్, మూడో స్టేజీ అన్నారు.

ఇక ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా మేనమామలేమో "కోసి తీసేస్తేనే బతుకుతడు" అని, నాయనేమో "గొంతే లేనప్పుడు నేనెందుకు" అని. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టరు సారు అందరినీ కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ముదిరిన స్వరపేటిక క్యాన్సర్ ఉన్న 332 మంది మీద చేసిన పరిశోధన 1991లో వచ్చిందట. సగం మందికి స్వరపేటిక తీసేసి రేడియేషన్ ఇచ్చారు. మిగతా సగానికి ముందు కీమో, తర్వాత రేడియేషన్. రెండేళ్లకు చూస్తే రెండు వైపులా నూటికి 68 మంది బతికే ఉన్నారు. కానీ కీమో వైపు నూటికి 64 మందికి స్వరపేటిక దక్కింది. 2003లో వచ్చిన ఇంకో పరిశోధనలో కీమో, రేడియేషన్ ఒకేసారి ఇస్తే రెండేళ్లకు నూటికి 88 మందికి స్వరపేటిక నిలిచింది, రేడియేషన్ ఒక్కటే ఇస్తే 70 మందికి. గడ్డ స్వరపేటిక మృదులాస్థిని (మెత్తటి ఎముకను) చీల్చుకుని బయటికి వస్తే మాత్రం ఆపరేషనే మేలని, కీమోకు, రేడియేషన్‌కు గడ్డ లొంగకపోయినా చివరికి ఆపరేషనే దారి అని కూడా దాచకుండా చెప్పారు. నాయనకు మృదులాస్థి బాగానే ఉంది. లెక్కలు విన్నాక స్వరపేటిక తీయకుండా ట్రీట్‌మెంట్ చేయడానికి మామలు సరే అన్నారు. వాళ్లను ఒప్పించడమంటే మాటలు కాదు, ఆ సారుకు డబుల్ థ్యాంక్స్!

ఓపీలో కలిసిన మిర్యాలగూడ పెద్దాయనకూ రుణపడి ఉన్నాం. ఆయనకు స్వరపేటిక తీసేశారు. ఊపిరి కోసం మెడ మీద పెట్టిన రంధ్రాన్ని వేలితో మూసి, లోపల పెట్టిన చిన్న వాల్వ్ సాయంతో నాయనతో మాట్లాడారు, బేరం కూడా ఆడి చూపించారు. ఒకవేళ ఆపరేషన్ చేయాల్సి వచ్చినా మాట మొత్తానికే పోదన్న ధైర్యం ఆయన్ని చూశాకే వచ్చింది.

వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాల రేడియేషన్. మధ్యలో ఆపితే ఫలితం దెబ్బతింటుందని గట్టిగా చెప్పారు. వనస్థలిపురంలో ఇల్లే ఇచ్చేసిన చిన్నమ్మ, బాబాయి, రోజూ ఎల్‌బీ నగర్ మెట్రో దాకా బండి మీద దింపిన తమ్ముడు లేకపోతే అది అయ్యేది కాదు. గొంతు పుండై మెతుకు దిగని రోజుల్లో చిన్నమ్మ రాగిజావ, పెసరకట్టు మీదే నాయనను నిలబెట్టింది. తిండి కోసం ముక్కులోంచి పైపు వేసినప్పుడు దాన్ని కడగడం నేర్పిన సిస్టర్లకు కూడా నమస్కారం. ట్రీట్‌మెంట్ ఆరోగ్యశ్రీలో అయింది. పైఖర్చులకు పదో తరగతి దోస్తులు పైసలు పంపారు. మార్కెట్‌లో తోటివాళ్లు నాయన ముందు బీడీ వెలిగించడమే మానేశారు. రేడియేషన్ నడుస్తుండగా పొగ తాగితే ట్రీట్‌మెంట్ సరిగా పనిచేయదని విన్నారట. అడగకుండానే అంత చేశారు.

ఇప్పుడు నోరు ఎండిపోతోంది, కారం అస్సలు పడడం లేదు, గొంతు ఇంకా మందంగానే ఉంది. వేలం పాట ఇప్పట్లో వద్దన్నారు. కమిషన్ దుకాణం నడిపే అన్న నాయనకు చిట్టా రాసే పని ఇచ్చి కూర్చోబెట్టాడు. మొదటి రెండేళ్లు చెకప్‌లు తప్పకూడదట, తీసుకెళ్తాం. దోస్తులు పంపిన దాంట్లో మిగిలింది దేవరకొండ వైపు నుంచి వచ్చే ఇంకో పేషెంటు బస్సు ఖర్చులకు ఇద్దామనుకుంటున్నాం. పంపినవాళ్లలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఈ వారంలో నాకు ఫోన్ చేయండి.