కోలుకోవడానికి గడువు పెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఎడతెగని ఒత్తిడితోనో, ప్రమాదం మిగిల్చిన భయంతోనో నిద్ర పట్టక, గుండె దడతో, గాబరాతో బాధపడేవారికి మూడు వారాల్లో నాడీవ్యవస్థను మామూలు స్థితికి తెస్తామని చెప్పే వీడియోలు, కోర్సులు ఈమధ్య ఎక్కువయ్యాయి. గడువు దాటినా తగ్గకపోతే మనిషి తప్పుపట్టేది వీడియోను కాదు, తనను తాను. కొందరైతే నిరాశతో డాక్టరిచ్చిన మందులు కూడా మానేస్తారు. నా ఆందోళన అదే.

ఆపద ఎదురైనప్పుడు సింపథెటిక్ నాడులు గుండె వేగాన్ని పెంచుతాయి. ఆపద తప్పాక వేగస్ నాడి దాన్ని నెమ్మదింపజేస్తుంది. ఒక్కసారి కలిగిన భయమైతే కొద్దిసేపటికే సద్దుమణుగుతుంది గానీ, నెలల తరబడి అప్రమత్తంగానే ఉండిపోయిన మెదడు, ఆపద లేదని మళ్లీ మళ్లీ అనుభవంలోకి వస్తే తప్ప నమ్మదు. ఘోర ప్రమాదం చూసినవారిలో చాలామందికి మొదటి నెలలోనే లక్షణాలు తగ్గుముఖం పడతాయి కాబట్టి, నెల దాటితే గానీ వైద్యులు పీటీఎస్‌డీ (ఘోర అనుభవం తర్వాత భయం వదలక వేధించే మానసిక సమస్య) అని నిర్ధారించరు. ఆ తర్వాత వాడే మందుల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నెమ్మదించాక కూడా వాటిని సాధారణంగా ఆరు నెలలకు తగ్గకుండా కొనసాగించమంటారు. మాటలతో చేసే చికిత్స తరచుగా 8 నుంచి 12 విడతలు సాగుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే కావాలి.

లారీ నడిపే మా తమ్ముడికి హైవే మీద ప్రమాదం జరిగాక, కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడి చేతిలో ముద్ద కంచంలో వదిలేసేవాడు. ముందు నిద్ర కుదుటపడింది, చాలాకాలానికి గానీ బస్సెక్కలేకపోయాడు. ఒకసారి ఆ బస్సు సడన్ బ్రేకు వేయడంతో మళ్లీ వణుకు మొదలైంది. “అంతా మొదటికొచ్చిందక్కా” అని కుంగిపోయాడు. డాక్టరు గారు మాత్రం, ఎన్నిసార్లు భయపడ్డావని కాదు, భయపడ్డాక ఎంతసేపటికి కుదుటపడుతున్నావో చూసుకోమన్నారు. తొలిరోజుల్లో అలాంటి కుదుపు నుంచి తేరుకోవడానికి వారం పట్టేది, ఆ రోజు సాయంత్రానికల్లా అన్నం తిన్నాడు. కోలుకోవడాన్ని కొలిచే పద్ధతి ఇదేనని ఏ డాక్టరైనా మొదటి రోజే ఇంటివారికి చెబితే, “ఇంకా ఎన్నాళ్లు?” అని రోగిని రోజూ నిలదీయడం తగ్గుతుంది.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా గుండె దడ వస్తుంది కనుక ముందు ఆ పరీక్షలు చేయించుకోవాలి. యజమానులు కూడా ఇలాంటివారిని ఒక్కసారిగా పూర్తి డ్యూటీకి రమ్మనకుండా కొన్నాళ్లు సగం పనితో మొదలుపెట్టనివ్వాలి. గడువు చెప్పి నయం చేస్తామనే ప్రకటనలను పత్రికలు నిరాకరించాలని, రాత్రీపగలూ ఉచితంగా తెలుగులోనూ మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను ఆరోగ్యం పేజీలో క్రమం తప్పకుండా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్గొండ జిల్లా