తిరుపతి, చిత్తూరు జిల్లాల తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక: ఆన్‌లైన్ థెరపీలో ఈ ఏడాది చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం. వైకల్యం, ఎదుగుదలలో ఇబ్బందులు ఉన్న పిల్లల తల్లిదండ్రులం కలిసి నడుపుకునే మన సంఘం పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక విడిగా గ్రూపులో పెట్టాం, ఏ బిల్లు చూడాలన్నా కోశాధికారి గారిని అడగండి. సర్వసభ్య సమావేశం, పిల్లల ఆటల రోజు, యూడీఐడీ కార్డుల (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుల) సహాయ శిబిరం అనుకున్నట్టే జరిగాయి కాబట్టి వాటి గురించి ఇంతకన్నా రాయడం లేదు. మనం ఎక్కువగా కష్టపడింది ఆన్‌లైన్ ఆక్యుపేషనల్ థెరపీ (రాయడం, తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు పిల్లలకు నేర్పే చికిత్స) మీద, అందుకే నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాం.

కుప్పం, పలమనేరు, వెంకటగిరి వైపు సభ్యుల కష్టం మనందరికీ తెలుసు. థెరపీ కోసం తిరుపతికో వేలూరుకో బయల్దేరితే ఆ రోజు కూలి పోయినట్టే, పైగా బస్సులో హారన్ల మోతకి, జనానికి పిల్లవాడు అలిసిపోయి తీరా థెరపీ గదిలోకి అడుగుపెట్టేసరికి ఏడుపు మొదలు. ఇంట్లోనే ఫోన్‌లో థెరపీ అనగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. అయితే కొన్ని వారాలకే "మా వాడు కూర్చోవడం లేదు, డబ్బులు దండగ" అనే మెసేజ్‌లు కూడా మొదలయ్యాయి. అప్పుడే తల్లిదండ్రులకు ఆదివారం తరగతులు పెట్టాం. అందులో మళ్లీ మళ్లీ చెప్పింది ఒకటే మాట: తెర అవతల ఉన్న థెరపిస్ట్ చూడగలరు, చెప్పగలరు, కానీ పిల్లవాడి చెయ్యి పట్టుకోవాల్సింది మనమే. అందుకని సెషన్ అనేది పిల్లవాడి కంటే ముందు మనం నేర్చుకునే సమయం.

ఫోన్ ఎక్కడ పెట్టాలన్నదే మొదటి పాఠం. అందరం ముఖం కనబడేలా ఎదురుగా పెడతాం. థెరపిస్ట్‌కు మాత్రం చేతులు, భుజాలు, నడుము, పాదాలు కనబడాలి, కాబట్టి కాస్త దూరంగా, పక్క నుంచి పెట్టాలి. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, అందకపోతే కింద పీట వెయ్యండి, కాళ్లు గాల్లో వేలాడుతుంటే నడుము నిలవదు, నడుము నిలవకపోతే చేతిలో పెన్సిల్ కుదరదు. టీవీ, ఫ్యాన్ చప్పుడు, కుక్కర్ విజిల్, పలకరించడానికి వచ్చిన బంధువులు, వీటన్నిటినీ ఆ అరగంట, ముప్పావుగంట సేపు పక్కన పెట్టగలిగితే చాలు. వస్తువులు ముందే దగ్గర పెట్టుకోండి, మధ్యలో కత్తెర కోసం మీరు లేచి వెళ్తే వాడూ లేచిపోతాడు. ఆకలితోనో నిద్రమత్తుతోనో ఉన్నప్పుడు కూర్చోబెట్టొద్దు.

వస్తువులంటే కొనాల్సినవేం లేవు. మన ఇళ్లలో శనక్కాయలకు కొదవా? కాయ ఒలవాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కాలి, రెండు చేతులూ కలిసి పనిచెయ్యాలి, పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిన బలం సరిగ్గా ఇదే. చింతపండులో గింజలు తియ్యడం, చపాతీ పిండి పిసకడం, బట్టల క్లిప్పులు పెట్టి తియ్యడం కూడా అలాంటివే. కుదురుగా ఉండలేని పిల్లలకు సెషన్‌కు ముందు కాస్త బరువు పని, అంటే నీళ్ల బిందె నెట్టడం, గోడను రెండు చేతులతో తొయ్యడం లాంటివి థెరపిస్ట్‌ను అడిగి చేయించండి, కొందరికి బాగా నెమ్మదిస్తుంది.

పుత్తూరు దగ్గర నుంచి చేరిన ఒక బాబు సంగతి చెప్పాలి. స్కూల్ చొక్కా గుండీలు వాళ్లమ్మే పెట్టేసేది, బస్సు టైమ్ అయిపోతుందని. థెరపిస్ట్ చూసి, "అమ్మా, గుండీ సగం దాకా కాజాలోకి మీరు తొయ్యండి, ఆ చివరి సగం వాణ్ని లాగనివ్వండి, వాడి వెనక కూర్చుని చెయ్యండి" అన్నారు. ఆమె వెనక కూర్చుంది. బాబు గుండీ అంచు పట్టుకున్నాడు, జారింది, మళ్లీ పట్టుకున్నాడు. ఆమె చెయ్యి సాయం చెయ్యబోయి ఆగిపోయింది. గుండీ బయటికి వచ్చేసరికి వాడు తెరవైపు కూడా చూడకుండా కింది గుండీ దగ్గరికి వెళ్లిపోయాడు! ఇలా చివరి మెట్టు ముందు పిల్లలకు వదిలి, ఆ తర్వాత ఒక్కో మెట్టూ వెనక్కి పెంచుకుంటూ పోవడం థెరపిస్టులు ఎప్పటి నుంచో వాడే పద్ధతే. వాళ్లమ్మ ఇప్పుడు ఆదివారం తరగతిలో కొత్తవాళ్లకు ఇదే చూపిస్తోంది.

స్క్రీన్ ఎక్కువ అవుతుందని చాలామంది టెన్షన్ పడ్డారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు తెర ముందు కూర్చుని గడిపే సమయం రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది నిజమే. అయితే మంచి సెషన్‌లో పిల్లవాడు తెర చూస్తూ కూర్చోడు, పని చేస్తుంటాడు. మరీ చిన్నపిల్లలైతే థెరపిస్ట్ మనతోనే మాట్లాడి, వారంలో మనం ఇంట్లో తీసి పంపిన చిన్న వీడియోలు చూసి చెప్పినా సరిపోతుంది.

అన్నీ ఆన్‌లైన్‌లో కావు. మింగడంలో ఇబ్బంది ఉన్నా, స్ప్లింట్ (చెయ్యి, కాలు సరిగా నిలిపే పట్టీ) కొలత తీయాలన్నా, సెరిబ్రల్ పాల్సీలో (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు కుదరని స్థితిలో) బిగుసుకున్న కాళ్లూ చేతుల్ని ఎలా కదపాలో మొదటిసారి నేర్చుకోవాలన్నా నేరుగా వెళ్లాల్సిందే. వీలైతే మొదటి పరీక్ష నేరుగా చేయించుకుని, తర్వాతే ఫోన్‌కు మారండి.

డబ్బు విషయం. ఒక సెంటర్ ఆరు నెలల ఫీజు ముందే కట్టించుకుని, వారం వారం కొత్త మనిషిని కూర్చోబెట్టింది, మన సభ్యులు కొందరు బాగా నష్టపోయారు. దయచేసి నెలకు మించి ముందుగా కట్టొద్దు. థెరపిస్ట్ బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) డిగ్రీ అడిగి చూడండి, అడగడం తప్పేం కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది, థెరపీ ఖర్చులూ అందులో వస్తాయి, కానీ ఏటా రెన్యూవల్ చేయించుకోవాలి. ఫారం నింపడం రాకపోతే మన కార్యదర్శి గారు నింపిపెడతారు.

వచ్చే ఏడాది రెండు పనులు అనుకుంటున్నాం. సిగ్నల్ సరిగా అందని ఊళ్ల పిల్లల కోసం చంద్రగిరిలో, పలమనేరులో వైఫై ఉన్న సభ్యుల ఇళ్లలో వారానికి ఒక పూట గది అడుగుతున్నాం, ఇవ్వగలిగినవాళ్లు పేరు ఇవ్వండి. రెండోది నాన్నల తరగతి. ఇప్పటిదాకా తరగతులకు వచ్చింది దాదాపు అమ్మలూ అవ్వలే. సాయంత్రం ఏడు తర్వాత పెడితే వస్తామని కొందరు నాన్నలు చెప్పారు కాబట్టి మొదటి తరగతి వచ్చే నెల రెండో ఆదివారం, రాత్రి ఏడున్నరకు.