ఆ చలిలో మమ్మల్ని కాచుకున్నవాళ్లకు

మా బెడ్‌రూం సీలింగుకి వేసిన కొత్త షీట్‌కి ఇంకా రంగు పడలేదు. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర్నుంచి ఫోనూ రాలేదు. అన్నీ ఒక కొలిక్కి వచ్చాక తీరిగ్గా రాద్దామంటే ఈ ఏడాదిలో అయ్యే పనిలా లేదు. అందుకే ఈ కృతజ్ఞతలు ఇప్పుడే రాసేస్తున్నాను.

డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈ 2021 ఫిబ్రవరి మధ్యలో ఏం జరిగిందో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, అందరం పడ్డాం. ఊళ్లో మా బాబాయి వాళ్లు మాత్రం "అమెరికాలో కరెంటు పోవడమేంటమ్మా" అని ఇప్పటికీ నమ్మలేనట్టు అడుగుతున్నారు. వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి అసలు విషయానికి వస్తాను.

ఫిబ్రవరి 14, ఆదివారం మంచు పట్టుకుంది. టెక్సాస్‌లో ఉన్న 254 కౌంటీలకూ ఒకేసారి తుఫాను హెచ్చరిక ఇచ్చారు. ఆ రాత్రి ఒంటిగంట దాటాక కరెంటు కోతలు మొదలయ్యాయి. వంతులవారీగా పావుగంట నుంచి ముప్పావుగంట దాకా తీస్తామన్నారు. మా వంతు వచ్చింది గానీ అయిపోలేదు. మంగళవారం తెల్లారేసరికి ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 19. ఇక్కడ 1949 తర్వాత అంత చలి మళ్లీ ఇప్పుడే. రాష్ట్రం మొత్తం మీద 40 లక్షల పైచిలుకు ఇళ్లకు కరెంటు లేదు.

ఇక్కడి ఇళ్లు ఎండలకు తట్టుకునేలా కట్టినవి. నీళ్ల పైపులు అటక మీదుగా పోతాయి, అక్కడికి ఇంట్లోని వెచ్చదనం అందదు. హీటరు గ్యాస్‌దే అయినా వేడి గాలిని గదుల్లోకి తోసే ఫ్యాన్‌కు కరెంటు కావాలి. సోమవారం రాత్రికి మా హాల్లో 43 ఫారెన్‌హీట్ ఉంది, అంటే ఫ్రిజ్‌లో కంటే కాస్త నయం. అమ్మ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, పైన శాలువా కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, బాబుని పక్కలో వేసుకుని రగ్గుల కింద ముడుచుకుంది. కిందటేడాది మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మనిషి, కరోనా రోజుల్లో పంపడం ఎందుకని మేమే ఉంచేసుకున్నాం. ఆ రాత్రి నా వేళ్లు కొంకర్లు పోయి ఫోన్‌లో నంబరు నొక్కడం కూడా కష్టమైంది.

ఆ నొక్కిన నంబరు మన తెలుగువాళ్ల గ్రూపులోనే ఉన్న, ఫార్మసిస్ట్‌గా పనిచేసే ఒక చెల్లెలిది. మొదటి కృతజ్ఞతలు తనకే. అమ్మకి ఇన్సులిన్ ఉంది. కరెంటు లేక ఫ్రిజ్ ఆగిపోయిందన్నదే అప్పటిదాకా మా టెన్షన్. తను మాత్రం చల్లదనం తగ్గడం గురించి కాదు, ఎక్కువవడం గురించి ఆలోచించమంది. ఇన్సులిన్ గడ్డకట్టకూడదు, ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. కిటికీ గట్టు మీద పెట్టొద్దంది, గరాజ్‌లో అసలు వద్దంది, అలాగని పొయ్యి పక్కన కూడా పెట్టొద్దంది. చిన్న గుడ్డ సంచిలో వేసి, లోపలి స్వెట్టర్ జేబులో పెట్టుకోమంది. అర్ధరాత్రి, తన ఇంట్లోనూ కరెంటు లేదు, ఫోను చార్జింగు అయిపోవచ్చిందని అంటూనే అమ్మతో మాట్లాడి, డోసు వేసుకునే ముందు ఏదో ఒకటి తినమని రెండుసార్లు చెప్పి పెట్టేసింది. అమ్మకి అప్పటినుంచీ తనంటే మహా గురి.

రెండోది, ఆ వాయిస్ మెసేజ్ పెట్టిన అంకుల్‌కి. అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఇంగ్లిష్‌లో హెచ్చరికలు చాలానే వస్తున్నాయి, కానీ మన ఇళ్లలో ఉన్న పెద్దవాళ్లు అవి చదవరు. అంకుల్ నింపాదిగా, పేరంటాళ్లని పిలుస్తున్నంత మర్యాదగా అన్నారు: "అమ్మా, బొగ్గుల కుంపటి ఇంట్లో పెట్టకండి. గరాజ్‌లోనూ వద్దు, తలుపు తీసి ఉంచాంలే అనుకోకండి. కారు గరాజ్‌లో ఆన్ చేసి కూర్చోకండి. ఆ గ్యాసుకి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది." ఆ మెసేజ్ వచ్చేసరికి మా అమ్మ బార్బెక్యూ బొగ్గులు ఎక్కడున్నాయని అడిగి, పెద్ద ఇనప మూకుడు కడిగి సిద్ధంగా పెట్టుకుంది. నేను చెబితే "చిన్నప్పుడు మా ఇంట్లో కుంపటి లేదా ఏంటి" అనేది. అంకుల్ గొంతులో వినేసరికి మూకుడు లోపల పెట్టేసింది. తర్వాత హ్యూస్టన్ వైపు వందల మంది కార్బన్ మోనాక్సైడ్‌తో ఆసుపత్రులకు వెళ్లారని వార్తల్లో చూసి, ఆ మెసేజ్ ఆవిడే మళ్లీ పెట్టించుకుని వింది.

ఇక మా ఎదురింటి పెద్దాయన. ఆయనకి తెలుగు రాదు, ఈ పోస్టు నేను చదివి అర్థం చెబుతాను. చిన్నతనమంతా మినసోటాలో గడిపిన మనిషి, ఇక్కడివాళ్లకు తెలియని చలి విద్యలన్నీ ఆయనకి తెలుసు. మంగళవారం పొద్దున్నే తలుపు తట్టి, "మీ నీళ్లు కట్టేశారా" అని అడిగారు. కుళాయిలు సన్నగా వదిలిపెట్టామన్నాం. పైపులో మంచు అడ్డం పడినప్పుడు, దానికీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి ఒత్తిడి పెరిగి పైపు పగులుతుంది, అందుకే కుళాయి వదలమంటారు. కానీ ఇల్లు ఇంత చల్లబడ్డాక, పైగా మీరు ఇల్లు వదిలి వెళ్తుంటే, అది చాలదన్నారాయన.

పార పట్టుకుని మా ముందు పచ్చికలో అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఒకచోట మంచు తవ్వారు. సరిగ్గా అక్కడే మీటరు గుంత ఇనప మూత. అది బిగుసుకుపోయింది, చుట్టూ సుత్తితో మెల్లగా కొట్టి లేపారు. లోపల బురద, ఒక సాలీడు, అడుగున వాల్వు. మోకాళ్లంత పొడుగున్న ఇనప తాళంచెవి దాని మీద పెట్టి పావు చుట్టు తిప్పారు. తర్వాత లోపలికి వచ్చి పై అంతస్తు నుంచి మొదలుపెట్టి కుళాయిలన్నీ తెరిపించారు, టాయిలెట్లు ఫ్లష్ చేయించారు, వాటర్ హీటర్ గ్యాస్ తగ్గించారు. చివర్లో పెరట్లో అన్నిటికన్నా కిందున్న కుళాయి తెరిస్తే ఇంట్లో మిగిలిన నీళ్లు కాసేపు గరగరమంటూ పోయి ఆగిపోయాయి. ఆ ఇల్లు కొని ఇన్నాళ్లయినా ఆ మూత ఉన్న సంగతి మా ఆయనకి తెలియదు. మీకూ తెలియకపోతే ఈ ఆదివారం వెతికి పెట్టుకోండి.

మేం వెళ్లాల్సింది కరెంటు ఉన్న తెనాలి వదిన వాళ్లింటికి, రెండు మైళ్ల దూరం. డాలస్ పక్కనే ఉన్న ఫోర్ట్ వర్త్‌లో 11వ తేదీన అద్దంలాంటి మంచు మీద నూటముప్పైకి పైగా బళ్లు గుద్దుకుని ఆరుగురు పోయారు కదా, ఆ వీడియో చూసినప్పటినుంచీ మా కారు తీయాలంటే భయం. పెద్దాయన తన ట్రక్కులో దింపుతానన్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పి. గుమ్మం నుంచి ట్రక్కు దాకా ఆయన పిల్లుల కోసం వాడే ఇసుకలాంటిది చల్లారు. అమ్మ బూట్ల మీద మా ఆయన పాత ఉన్ని మేజోళ్లు తొడిగించారు, అలా అయితే జారదట. చీర మీద జాకెట్టు, తలకి మంకీ క్యాప్, బూట్ల మీద మేజోళ్లతో అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది. దారి పొడుగునా ఆవిడ తెలుగులో, ఆయన ఇంగ్లిష్‌లో, ఒకరి మాట ఒకరికి అర్థమైనట్టే మాట్లాడుకున్నారు. దిగేటప్పుడు "వస్తానన్నయ్యగారూ" అంది.

తెనాలి వదినా, ఇప్పుడు మీ గురించి. వద్దన్నా రాస్తాను, పేరు మాత్రం రాయను.

మీకూ మాకూ పరిచయం ఎంత? సంక్రాంతి ముగ్గుల దగ్గర ఒకసారి, స్కూలు పార్కింగులో ఒకటి రెండుసార్లు. అలాంటిది గ్రూపులో మీరే మెసేజ్ పెట్టారు: "మాకు కరెంటు ఉంది. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నవాళ్లు మొహమాటపడకుండా వచ్చేయండి." మా ఎవరికీ ఇంకా టీకా పడలేదు. ఏడాదిగా గుమ్మంలో నిలబడి పలకరించుకున్న మనుషులం. మీ ఇంట్లో మీ మామయ్యగారు ఉన్నారు, ఆయనకి ఆయాసం. అయినా పిలిచారు. ఆయనకి పై గది ఇచ్చి, భోజనం పైకి పంపించి, కింద నాలుగు కుటుంబాలని సర్దారు. కిటికీలు కాసేపు తెరిచి ఉంచుదామని మా ఆయనంటే, "ఈ చలికి పోయేది కరోనా కాదు, మనం" అన్న మీ మాట మా ఇంట్లో సామెతైపోయింది.

"మా గొప్పేముంది, మా లైను మీద హాస్పిటల్ ఉంది కాబట్టి తియ్యరు, అంతే" అన్నారు మీరు. నిజమే. ఆసుపత్రులూ ఫైర్ స్టేషన్లూ ఉన్న లైన్లు వదిలేసి, మిగిలినవి తీసి ఉంచాల్సి రావడం వల్లే వంతులు తిరగలేదని తర్వాత చదివాం. కానీ ఆ లైను మీద ఇళ్లు చాలానే ఉన్నాయి వదినా. తలుపు తీసినవాళ్లు కొందరే.

మీ మిరియాల చారు గురించి వేరే పోస్టు రాయాలి. పొద్దున ఉప్మా గిన్నె దింపితే మధ్యాహ్నం అన్నం, సాయంత్రం శొంఠి కాఫీ, పొయ్యి ఆరింది లేదు. సాయం చేస్తామంటే "మీరు పిల్లల్ని చూడండి, అదే పెద్ద సాయం" అనేవారు. పిల్లలు టెక్సాస్ దక్షిణ తీరంలోని సౌత్ పాడ్రే ఐలాండ్ వీడియోలు పెట్టుకుని కూర్చున్నారు, చలికి కదల్లేక తేలిన సముద్రపు తాబేళ్లని వేల కొద్దీ తెచ్చి కన్వెన్షన్ సెంటర్ నేల మీద పరిచిన వీడియోలు. మా వాడు తర్వాత మీ హాల్లో పక్కపక్కనే పరిచిన పరుపులు చూసి "మనం కూడా తాబేళ్లమే" అని అరిచాడు, అందరం నవ్వాం.

డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో పెరుగన్నం, పులిహోర పొట్లాలు కట్టి అపార్ట్‌మెంట్లకు పంపిన హోటల్ ఆయనకీ, ఆ జారుడు రోడ్ల మీద వాటిని చేరవేసిన కుర్రాళ్లకీ కూడా. మా తోడికోడలు వాళ్లు ఆ పూట తిన్నది అదే.

శుక్రవారం ఎండ కాసింది. మంచు కరిగినప్పుడే అసలు పైపుల సంగతి బయటపడేది. పెద్దాయన మీటరు దగ్గర, మా ఆయన అటక మీద, ఇద్దరూ ఫోన్‌లో. వాల్వు కొంచెం తిప్పగానే పైన బుస్సుమని చప్పుడు, "ఆపండి" అని మా ఆయన కేక. బెడ్‌రూం సీలింగులో ఒక ముక్క ఊడిపడింది, పరుపు తడిసింది, అంతే. మా వీధిలోనే నీళ్లు కట్టకుండా వెళ్లినవాళ్ల ఇళ్లలో కింది అంతస్తు దాకా కార్పెట్లు తీసి బయట పారేయాల్సి వచ్చింది.

ప్లంబరు దొరకడం ఆ వారం లాటరీ తగిలినట్టే. ఒకరు రావడానికే మూడింతలు అడిగారు, ఎవరో ఎందుకులే. మాకు వచ్చింది ఒక మెక్సికన్ తమ్ముడు, పెద్దాయన చర్చి వాళ్ల ద్వారా. రాత్రి పదింటికి వచ్చాడు, అంతకు ముందు రాత్రి నిద్రపోలేదన్నాడు. అటక మీద బోర్లా పడుకుని, టార్చి నోట్లో పెట్టుకుని, చేప నోరు తెరిచినట్టు చీలిన రాగి గొట్టం ముక్క కోసి నాకు చూపించాడు. వేలెడు చీలిక. మామూలు రేటే తీసుకున్నాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా మాత్రం వద్దనలేదు.

ఇంకొకళ్లున్నారు, ఇది కొందరికి నచ్చకపోవచ్చు. ఆ సోమవారం తెల్లవారుజామున, రాష్ట్రానికి కరెంటు పంపిణీ చూసే గ్రిడ్ కంట్రోల్ రూములో డ్యూటీలో ఉన్నవాళ్లు. కరెంటు తీసింది వాళ్లే. గ్యాస్ బావులు, పైపులైన్లు, ప్లాంట్లు చలికి ఒకదాని వెనక ఒకటి ఆగిపోతుంటే 60 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన కరెంటు ఫ్రీక్వెన్సీ (వాడకానికి సరిపడా ఉత్పత్తి లేకపోతే ఇది పడిపోతుంది) 59.4 కన్నా కిందకి జారింది. అక్కడే 9 నిమిషాలు ఉండిపోతే మిగిలిన ప్లాంట్లు కూడా వాటంతటవే ట్రిప్ అయి ఆగిపోతాయట. ఇంకా 4 నిమిషాల 37 సెకన్లు మిగిలి ఉండగా పైకి లాగారు. లాగలేకపోయి ఉంటే రాష్ట్రం మొత్తం చీకటై, తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టేదంటున్నారు. 2011 చలిలోనూ ఇలాగే ప్లాంట్లు ఆగితే, చలికి తట్టుకునేలా వాటిని సిద్ధం చేయమని అప్పుడే రిపోర్టు రాసి ఇచ్చారు. చేయించాల్సినవాళ్లు చేయించలేదు. ఆ కోపం నాకూ ఉంది, అది పైవాళ్ల మీద. ఆ రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ల మీదా, ఆ గాలిలో స్తంభాలెక్కిన లైన్‌మెన్ మీదా కాదు.

ఇక సామాన్ల సంగతి. తిరిగొచ్చేటప్పుడు గందరగోళంలో మీ వస్తువులు కొన్ని మాతో వచ్చేశాయి: నీలం కూలర్ బాక్సు, చిన్నపిల్లల ఊదా రంగు బూట్ల జత, ఎడమ చేతి గ్లవ్ ఒకటి, నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. క్యారియర్ అడుగున పేరు చెక్కి ఉంది గానీ అరిగిపోయి "లక్ష్మి" వరకే కనిపిస్తోంది, మన గ్రూపులో లక్ష్ములు తొమ్మిది మంది. ఎవరిదో చెప్పండి. శనివారం పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉంటాం, వచ్చి తీసుకెళ్లండి. అమ్మ గుత్తివంకాయ చేస్తానంటోంది, తినకుండా వెళ్తానంటే ఒప్పుకోదు. తెనాలి వదినా, ఆ రోజు మాత్రం మీరు వంటింట్లోకి రాకూడదు, ముందే చెబుతున్నా.