శంషాబాద్ ఎంత దూరం?

సంపాదకులు గారికి నమస్కారం.

దేవరకద్ర దగ్గర విమానాశ్రయం కావాలన్న మాట మా మహబూబ్‌నగర్ జిల్లాలో చాన్నాళ్లుగా వినిపిస్తోంది, ప్రతిసారీ చర్చ 150 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతోంది. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం, అది మొదలైన 2008 నుంచి పాతికేళ్లు నిండేదాకా, దానికి 150 కిలోమీటర్ల వైమానిక దూరం లోపల మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయకూడదు. వరంగల్ వారి మామునూరు విమానాశ్రయానికి ఉన్న ఈ చిక్కు, శంషాబాద్ నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదని పత్రం ఇవ్వడంతో 2025లో తొలగింది కాబట్టి, మనకూ తొలగుతుందని కొందరి ఆశ.

వైమానిక దూరమంటే పటం మీద రెండు చుక్కల మధ్య దారం బిగించి కొలవడమే. సర్వేయరుగా పనిచేసి రిటైరైన అలవాటు కొద్దీ ఇంట్లో గోడ పటం దించి నేనూ కొలిచాను. శంషాబాద్ నుంచి దేవరకద్రకు దాదాపు 90 కిలోమీటర్లు, కర్నూలు వారి ఓర్వకల్లు విమానాశ్రయానికి 170 వచ్చింది. అంటే దేవరకద్ర ఆ హద్దుకు లోపల, ఓర్వకల్లు బయట. శంషాబాద్ నుంచి ఓర్వకల్లుకు రోడ్డున పోతే అది 200 దాటుతుంది. మహబూబ్‌నగర్ నుంచి చూస్తే ఓర్వకల్లు, శంషాబాద్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు దూరం. కనుక మాకు దిక్కు శంషాబాదే.

మొన్న వేసవిలో మా బావమరిది కొడుకు దుబాయ్ పోతుంటే సాగనంపడానికి వెళ్లాం. మేమెక్కిన బస్సు 44వ నంబరు జాతీయ రహదారి మీద గంటన్నరలో మమ్మల్ని శంషాబాద్ ఊళ్లో దించింది. అక్కడి నుంచి టెర్మినల్‌కు మిగిలింది కొద్ది కిలోమీటర్లే. తాడు కట్టిన రెండు సూట్‌కేసులు, టేపు చుట్టిన పచ్చళ్ల అట్టపెట్టె పక్కన పెట్టుకుని బండి కోసం ముప్పావు గంట నిలబడ్డాం. చివరికి దొరికిన కారుకు ఇచ్చిన కిరాయి మా ముగ్గురి బస్సు టికెట్ల కంటే ఎక్కువైంది. మూడు గంటల ముందే రమ్మంటారు కనుక, ఇల్లు దాటింది మొదలు విమానం కదిలేదాకా ఆరు గంటలు పట్టింది. అక్కడి నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు. (దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి టికెట్ మీది వేళలు చూసి, రెండున్నర గంటల్లో దిగుతాడనుకున్న వాడి తల్లి, ఫోన్ రాక గాబరా పడింది.)

దేవరకద్రలో విమానాశ్రయం వస్తే సంతోషమే. కానీ అక్కడ దిగేవి చిన్న విమానాలే అయితే, గల్ఫ్‌కు పోయే పాలమూరు కూలీ అప్పుడూ శంషాబాద్‌కే పోవాలి. మహబూబ్‌నగర్ రైలు మార్గం శంషాబాద్‌లోని ఉందానగర్ స్టేషన్ మీదుగానే పోతుంది, రెండో లైను వేసే డబ్లింగ్ పని కూడా పూర్తయింది. ఎక్స్‌ప్రెస్ రైళ్లు మరికొన్ని అక్కడ ఆగేలా చూసి, వాటి వేళలకు టెర్మినల్ దాకా ఒక బస్సు నడిపితే చాలు. రైలు లేని వేళల్లో, ముఖ్యంగా అర్ధరాత్రి, తెల్లవారుజామున, మా ఊరి నుంచి హైదరాబాద్ పోయే బస్సుల్లో రెండు మూడింటిని విమానాశ్రయం లోపలికి మళ్లించవచ్చు. దీనికి భూసేకరణ అక్కర్లేదు, ఎవరి నిరభ్యంతర పత్రమూ అక్కర్లేదు.

ఆ బస్సుల వేళలను మహబూబ్‌నగర్ బస్టాండు బోర్డు మీద ఎప్పుడు రాయిస్తారో జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సర్వేయరు, మహబూబ్‌నగర్