వరస తిప్పెయ్: చంటిదానితో శరత్కాలపు ప్రయాణం

ఒరేయ్,

నీ జాబు అందింది. నాలుగు నెలల పాపతో మీరు పెట్టుకున్న మూడు వారాల ప్రయాణం వరసా చూశాను. ముందు చుట్టాలంతా చేరే పెద్దింట్లో నాలుగు రోజులు, తర్వాత కొండల్లో నడక, ఆఖరున మీ అక్కయ్య దగ్గరికెళ్లి పసిగుడ్డును చూసి ఇంటికి. చోట్లేమీ మార్చకు, వరస ఒక్కటీ తిప్పెయ్. పురిటిల్లు ముందు, కొండలు మధ్యలో, జనం చివర.

ఎందుకంటావా? చలి మొదలయ్యే రోజుల్లో దగ్గూ జలుబూ ఇళ్లల్లో తిరుగుతుంటాయి. బడికెళ్లే పిల్లలు చేరిన ఇంట్లో నాలుగు రోజులుంటే ఏదో ఒకటి అంటుకునే అవకాశం బాగా ఉంటుంది. ఆర్‌ఎస్‌వీ (జలుబులా వచ్చి పసిపిల్లల ఊపిరితిత్తులకి పట్టే వైరస్) లాంటిది ఒంట్లోకి చేరాక బయటపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. నువ్వేమో బాగానే ఉన్నాననుకుంటూ అదే సమయానికి పురిటింటి గుమ్మం తొక్కుతావు. మనకి ముక్కు కారి పోయేదే, రెండు వారాల బిడ్డకి ఊపిరాడని జబ్బు కావచ్చు. వరస తిప్పావనుకో, జలుబు వచ్చినా మీ ఇంటికి చేరాకే వస్తుంది.

ఈ వారమే అయిపోవాల్సిన పని ఒకటుంది: కోరింత దగ్గు బూస్టరు, ఫ్లూ టీకా. రెండిటికీ రక్షణ కూడాలంటే దాదాపు రెండు వారాలు కావాలి, బయల్దేరే ముందురోజు హడావిడిగా పొడిపించుకుంటే పురిటింటికి ఒరిగేదేం లేదు. చెల్లెమ్మ కడుపుతో ఉన్నప్పుడే బూస్టరు వేయించుకుని ఉంటే మళ్లీ కావాలో వద్దో డాక్టర్ని అడగండి. ఆరు నెలల్లోపు పిల్లలకి ఫ్లూ టీకా ఎలాగూ వెయ్యరు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు వేయించుకోవడమే వాళ్లకి అడ్డుగోడ.

పురిటింట్లో ఎక్కువసేపు కూర్చోకు. గంట చాలు. సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కున్నాకే బిడ్డని అందుకో. ముద్దులు వద్దు. పెదవి మీద హెర్పిస్ నీటిపొక్కు ఉన్నవాళ్లు ఆ ఇంటికే వెళ్లకూడదు. పెద్దవాళ్లకి చిరాకు పెట్టి పోయే ఆ పొక్కు పసిగుడ్డుకి ప్రాణాల మీదికి తెస్తుంది. బిడ్డని నువ్వు ఎత్తుకుంటే మీ అక్కయ్య లేచి నీకోసం వంటగదిలోకి వెళ్తుంది. అది తలకిందుల మర్యాద! అంట్లు తోమేది నువ్వు, బిడ్డ పక్కన పడుకునేది తను. ఇంకోటి, మూడు నెలల్లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం తగిలితే తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. అప్పటికప్పుడు డాక్టరు చూడాల్సిందే. ఆ సంగతి బావగారికి తెలుసో లేదో ఒకసారి కదిపి చూడు.

ఇక కారు. మీ పాప నాలుగు నెలలది కాబట్టి సీటు వెనక్కి తిరిగే ఉండాలి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంటే అక్కడ పెట్టనే కూడదు. భుజాల పట్టీలు పాప భుజాల ఎత్తులోగానీ కాస్త కిందనుంచిగానీ రావాలి. ఛాతీ క్లిప్పు ఉంటే చంకల ఎత్తున ఉండాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో నిలువుగా గిల్లి చూడు. బట్ట వేళ్ల మధ్యకి వచ్చిందంటే ఇంకా వదులే. కారు బెల్టు సీటులోంచి దూరే చోట పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు.

ఈ కాలంలో జరిగే పొరపాటు ఒకటుంది. చలని పిల్లకి దళసరి కోటు తొడిగి దానిమీద పట్టీలు బిగిస్తారు. ఢీకొన్నప్పుడు ఆ దూది అణిగిపోయి పట్టీ కింద ఖాళీ మిగులుతుంది, పిల్ల ముందుకి జారుతుంది. పల్చటి పొరల మీదే పట్టీలు బిగించి, దుప్పటి పైన కప్పు. కారు వేడెక్కగానే తీసెయ్యాలి, మర్చిపోతారు.

రెండు గంటలకొకసారి ఆపి, పిల్లని సీట్లోంచి పూర్తిగా తీసి చదునుగా పడుకోబెట్టు. కూర్చున్న భంగిమలో తల ముందుకి వాలితే గొంతు దగ్గర ఊపిరిదారి నొక్కుకుంటుంది. ఐదు గంటల దారి ఆరున్నర గంటలు అవుతుందని ముందే అనుకో. చేరాక నిద్ర చెడుతుందని పిల్లని సీటుతో సహా ఇంట్లోకి మోసుకెళ్లి అలాగే వదిలెయ్యకు.

విమానంలో అయితే ఒక్క ముక్క. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. చెవులు పట్టేసేది దిగేటప్పుడే. నేలను తాకడానికి అరగంట ముందే దిగడం మొదలవుతుంది కాబట్టి పాలు అప్పుడే పట్టించాలి.

ఇప్పుడు నువ్వు అసలు అడిగింది, కొండ నడక. ఫ్రేము ఉన్న వీపు బుట్ట కొనేశానని రాశావు. దాన్ని వచ్చే ఏడాదికి దాచు. ఆనుకోకుండా తనంతట తాను కూర్చోగలిగే దాకా, అంటే సుమారు ఆరు నెలల దాకా, పిల్లని అందులో పెట్టకూడదు. ఇప్పటికి ఛాతీకి కట్టుకునే మెత్తటి క్యారియర్ చాలు, పాప ముఖం నీవైపే ఉండాలి. వంగితే నుదుటిని ముద్దుపెట్టుకోగలిగేంత ఎత్తులో, బిగువుగా కట్టు. గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక వేలు దూరాలి. మోకాళ్లు పిరుదులకంటే పైన ఉండాలి. తొడలు ఆనకుండా కాళ్లు వేలాడుతుంటే కట్టడం తప్పినట్టే.

చలి దగ్గర లెక్క తప్పేది ఇక్కడే: నడిచేది నువ్వు, కదలకుండా ఉండేది పాప. నీకు చెమట పడుతున్నప్పుడు పాప కాళ్లు చల్లబడుతుంటాయి. అలాగని నీ ఒంటివేడి తగిలే ఛాతీవైపు ఉక్కపోస్తుంది. క్యారియర్‌నే ఒక పొరగా లెక్కేసి ఒంటికి ఒక పొర తగ్గించు, కాళ్లకీ తలకీ పెంచు. చేతులు తాకి చలి అంచనా వెయ్యకు, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక వేలు పెట్టి చూడు. ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి, గాలి కొడితే చలి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. తడిసిన నూలుబట్ట వేడిని లాగేస్తుంది, లోపలి పొర ఉన్నిదైతే మంచిది. ఆరు నెలల్లోపు సన్‌స్క్రీన్ వద్దు, అంచున్న టోపీ, నీడ చాలు.

దూరానికి నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఐదు కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. నువ్వు రాసిన దారి ఆరు కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు. మామూలుగా ఒక గంటా నలభై రెండు నిమిషాలు. పిల్లతో దానికి సగం కలుపు, రెండున్నర గంటలు. పాలకీ డైపరుకీ రెండుసార్లు ఆగితే ఇంకో గంటా పది నిమిషాలు. మొత్తం మూడు గంటల నలభై నిమిషాలు. పదింటికి బయల్దేరితే రెండులోపు దిగుతారు. సెప్టెంబరు 22, 23 దాటాక పొద్దు రోజురోజుకీ కుదించుకుపోతుంది, లోయల్లో సూర్యాస్తమయానికి చాలా ముందే నీడ పడుతుంది. మధ్యాహ్నం మొదలుపెట్టే నడక పెట్టుకోవద్దు. ఎక్కేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. జారేది దిగేటప్పుడు, తడిసిన రాలుటాకుల కింద దాగిన చెట్ల వేళ్ల మీద. పాప ఛాతీ మీద ఉంటే నీ పాదాలు నీకు కనపడవు, రెండు ఊతకర్రలు తీసుకో. దారి తడిగా ఉందంటే కిందే తిరగండి.

డైపర్లు బయట ఉండే ప్రతి రెండు గంటలకి ఒకటి, అవి కాక అదనంగా మూడు. పిండిన తల్లిపాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలే ఉంటాయి, ఐసు ప్యాకుల పెట్టెలో రోజంతా ఆగుతాయి. డబ్బాపాలైతే ఫ్లాస్కులో వేడినీళ్లు, పొడి విడిగా పట్టుకెళ్లి అక్కడే కలపండి. నీళ్లు 70 డిగ్రీలకి తగ్గకుండా ఉన్నప్పుడు పొడి కలిపితేనే అందులోని క్రిములు చస్తాయి. తర్వాత చల్లార్చి పట్టించాలి.

పెద్దింటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్క పడక తప్ప. పాపని గట్టి చదును పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండూ బొమ్మా ఏదీ ఉండకూడదు. దొర్లడం మొదలెట్టే వయసు కాబట్టి గుడ్డలో చుట్టడం మానెయ్యండి. మడత మంచం తీసుకెళ్తే దానితో వచ్చిన పరుపే వాడండి. మెత్తగా ఉంటుందని ఇంకొకటి వేస్తే అంచున సందు పడి ముఖం ఇరుక్కుంటుంది. పిల్లని ఎత్తుకుని సోఫాలో కునుకు తీసే చుట్టం ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వాళ్లని ఓ కంట కనిపెట్టు, సోఫా సందులు మంచం కంటే ప్రమాదం.

ఉంటాను మరి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
నేస్తం

తా.క. అక్కడ అద్దె కారు తీసుకున్నా పిల్ల సీటు మాత్రం మీదే పట్టుకెళ్లు. వాళ్లిచ్చే సీటు ఎప్పుడైనా గుద్దుకున్న కారులో ఉందో లేదో నీకు తెలిసే దారి లేదు. బయల్దేరే ముందు మీ సీటు వెనకో అడుగునో అచ్చువేసిన గడువు తేదీ కూడా చూసుకో.