ఫాంటసీ బాస్కెట్‌బాల్‌కు పాయింట్ల జాబితా చాలదు

సంపాదకులకు,

అక్టోబరులో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ దగ్గరపడగానే ఫాంటసీ బాస్కెట్‌బాల్‌పై (నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టి, వాళ్ల అసలు మ్యాచ్‌ల గణాంకాలతో పోటీపడే ఆట) వచ్చే సలహాలు చాలావరకు ఎక్కువ పాయింట్లు కొట్టేవాళ్ల జాబితాతోనే ఆగిపోతాయి. ఇక్కడ స్నేహితులతోనో, అమెరికాలో ఆఫీసు వాళ్లతోనో లీగ్ ఆడే తెలుగువారికి ఆ జాబితా మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

డ్రాఫ్ట్‌కు, అంటే వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడానికి ముందు లీగ్ నిబంధనలు చదవాలి. వారం వారం ఎక్కువ కేటగిరీల్లో ముందున్న జట్టు గెలిచే తొమ్మిది కేటగిరీల లీగ్‌లో పాయింట్లు ఒక కేటగిరీ మాత్రమే. రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం), అసిస్టులు (బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు), స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ను అడ్డుకోవడం), త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), ఫీల్డ్ గోల్ శాతం (ఆటలో వేసిన షాట్లలో పడినవి), ఫ్రీ త్రో శాతం (ఫౌల్‌కు దక్కే షాట్లలో పడినవి), టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం, తక్కువుంటేనే మేలు) కూడా దానితో సమానమే. 2024-25లో అట్లాంటా గార్డు డైసన్ డేనియల్స్ సగటు 14 పాయింట్లే. అయినా మ్యాచ్‌కు 3 స్టీల్స్‌తో ఎన్‌బీఏ మొత్తానికీ ముందు నిలిచాడు. పాయింట్లు మాత్రమే చూసేవారి కంట ఇలాంటివాడు పడడు.

ఎక్కువమంది దెబ్బతినేది శాతాల దగ్గర. ఆటగాడి శాతంతో పాటు అతను ఎన్ని వేస్తాడో కూడా చూడాలి. మీ జట్టు వారంలో 100 ఫ్రీ త్రోలకు 80 వేస్తుందనుకోండి. 2024-25లో మ్యాచ్‌కు సుమారు 10 ఫ్రీ త్రోలు తీసుకుని 62 శాతం వేసిన యానిస్ ఆంటెటోకూంపో అదే తీరున నాలుగు మ్యాచ్‌లాడితే 40కి 25 కలుస్తాయి. మొత్తం 140కి 105, అంటే 75 శాతం. ఆ వారం ఆ కేటగిరీ పోయినట్టే. అదే శాతం ఉన్నా మ్యాచ్‌కు మూడే తీసుకునే సెంటర్‌తో (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) జట్టు శాతం 78 దగ్గరే నిలుస్తుంది.

అలాగని యానిస్‌ను వదలక్కర్లేదు. అతన్ని తీసుకుంటే ఫ్రీ త్రో శాతాన్ని అప్పుడే వదులుకోవాలి. మిగతావాళ్లు ఆ లోపం చూసి వెనక్కి నెట్టిన రూడీ గోబేర్ లాంటి సెంటర్లను తర్వాతి రౌండ్లలో ఏరుకోవాలి. మధ్యలో మనసు మార్చుకుని ఫ్రీ త్రో షూటర్ల వెంటపడితే రెండిటికీ చెడతారు. రెండు కేటగిరీలకు మించి వదిలినా, వారం గెలవడానికి కావలసిన అయిదు దక్కడం కష్టం.

12 మంది ఆడే స్నేక్ డ్రాఫ్ట్‌లో (ప్రతి రౌండుకూ వంతుల వరుస తిరగబడుతుంది) మొదటి ఎంపిక దక్కినవారికి మళ్లీ వంతు 24, 25 దగ్గర వస్తుంది. ఈలోగా 22 మంది ఆటగాళ్లు వెళ్లిపోతారు. బ్లాక్స్ ఇచ్చే సెంటర్లు త్వరగా అయిపోతారు కాబట్టి వాళ్లను ఒక రౌండు ముందే తీసుకున్నా నష్టం లేదు. త్రీలు వేసే గార్డులు చివరి రౌండ్లలో, సీజన్ మధ్యలో కూడా దొరుకుతారు.

ఎంత పెద్ద ఆటగాడైనా కోర్టులో దిగితేనే లెక్క. జోయెల్ ఎంబీడ్ 2024-25లో 82 మ్యాచ్‌లకు 19 మాత్రమే ఆడాడు. ఇలాంటివారిని మొదటి రెండు రౌండ్లలో తీసుకోకపోవడమే మంచిది. ఫాంటసీ ప్లేఆఫ్స్ సాధారణంగా మార్చి, ఏప్రిల్‌లలో పడతాయి. స్థానం ఖాయమైన జట్లు, ఆశ వదులుకున్న జట్లు తమ స్టార్లకు విశ్రాంతినిచ్చేది కూడా అప్పుడే.

మన దేశంలో డబ్బు పందెంతో ఆడే ఫాంటసీ పోటీలను 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది. ఈ సలహాలన్నీ డబ్బు లేని లీగ్‌లకే.

ఒక వారంలో ఒక జట్టుకు నాలుగు మ్యాచ్‌లుంటే మరో జట్టుకు రెండే ఉండవచ్చు. ఆ తేడా చాలాసార్లు ఆటగాళ్ల సగటుల కంటే ఎక్కువగా ఫలితాన్ని తేలుస్తుంది. అందుకే సీజన్ సాగినంతకాలం ప్రతి సోమవారం 30 జట్లకూ ఆ వారం ఉన్న మ్యాచ్‌ల సంఖ్యను, గాయపడినవారి పేర్లను మీ క్రీడా పేజీలో చిన్న పట్టికగా వేయాలని కోరుతున్నాను.

- ఒక బాస్కెట్‌బాల్ అభిమాని, విజయవాడ